మన్యంలో మజిలీ

అల్లసాని పెద్దన మనుచరిత్రములోని ప్రవరుడు అతిథులంటే ప్రాణమిచ్చే గృహస్థు. పరదేశి ఎవడైనా ఊరికి వచ్చినాడని వింటే చాలు, ఎదురేగి ఇంటికి తోడ్కొని వచ్చి, కడుపునిండ భోజనం పెట్టి, అటుపై ఆయన చూచి వచ్చిన దేశాల ముచ్చట్లు అడిగి తెలుసుకొనేవాడు. అట్టివాడు ఒక సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో హిమాలయం చేరినాడు. కరగిన మంచునీటికి కాలి పసరు కాస్తా కొట్టుకొనిపోయినది. అంతవరకు కన్నులపండువుగా ఉన్న పర్వతం, ఇంటికి పోయే దారి మూసుకొనిపోయిన మరుక్షణాన భయం గొలిపినది. ఎదురుపడిన వరూధినిని ఆయన ముందుగా అడిగినది తన ఊరికి దారి. ఇన్నాళ్ళు పదిమందికి ఆతిథ్యమిచ్చినవాడు ఆ కొండమీద తానే దిక్కుతోచని అతిథి అయినాడు.

కొండలకు పోయేవారందరికీ ఈ కథలో ఒక పాఠమున్నది. పొద్దు వాలిన తరువాత తల దాచుకొనే చోటు ఒకటి ఉన్నదన్న ధైర్యం ఉన్నప్పుడే శిఖరం అందంగా కనబడుతుంది. ఆ ధైర్యం లేనివానికి లోయలో దిగే మంచు మేలిముసుగుగా తోచదు. దారిని మింగే చీకటిగా తోస్తుంది. కనుక కొండయాత్రను గూర్చి మాట్లాడేవారు శిఖరాలకంటె ముందు విడిదిని గూర్చి మాట్లాడుకోవలె. ఆ విడిదిని ఎవరు కట్టినారు, ఎవరు కాచినారు, ఎవరి భుజాలమీద అది నిలిచినది అన్న ప్రశ్నలు ఆ వెంటనే వస్తాయి. అరకులోయలోను, దానిని చుట్టుకొనియున్న మన్యంలోను ఈ ప్రశ్నలకు పెద్ద చరిత్రయే ఉన్నది.

మజిలీ అన్న మాట అన్యదేశ్యమే అయినా తెలుగువారికి సొంతమై చాలాకాలమైనది. మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు, అతని వెంట నడిచే గోపకుమారుడు ఒక్కొక్క మజిలీలో దిగి, వంట చేసుకొని, ఒక కథ చెప్పుకొని, మరునాడు ముందుకు సాగుతారు. నడక అలసటను మరపించేది కథ. ఆ కథకు చోటిచ్చేది మజిలీ. కథలమాట అటుంచినా, ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణం నుండి బయలుదేరి, కాశి సేవించి, 1831లో తిరిగి వచ్చిన యాత్రకు వ్రాసుకొన్న చరిత్రలో ఏ ఊరిలో దిగుటకు వసతి ఉన్నది, ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ సరకులు దొరుకుతాయి అన్న సంగతులు ఓపికగా నమోదైనాయి. బాటసారికి కావలసినవి ఆనాడూ ఈనాడూ ఇవే గదా!

మైదానంలో ఈ అవసరాలను సత్రాలు తీర్చినవి. దాతల పేర, దేవుళ్ళ పేర, రాణుల పేర కట్టించిన సత్రాలు బాటల పొడుగునా ఉండేవి. కాని ఈ సత్రాల వరుస తూర్పుకనుమల పాదం దగ్గర ఆగిపోయేది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఎక్కేవానికి, నర్సీపట్నం దాటి లంబసింగి ఎక్కేవానికి సత్రం పెట్టిన పుణ్యాత్ముడు కనబడడు. మన్యపు జ్వరానికి మైదానపువారు అంత భయపడేవారు. ఉప్పు, గుడ్డ, పొగాకు పట్టుకొని సంతలకు ఎక్కే వర్తకుడు తప్ప, పనిలేనివాడెవడూ కొండ ఎక్కేవాడు కాడు.

ఇక ఇతర దేశాల మాట చూతము. ఆల్ప్స్ పర్వతాలలో సెయింట్ బెర్నార్డ్ కనుమమీద, సుమారు 2,470 మీటర్ల ఎత్తున, పదకొండవ శతాబ్దిలోనే క్రైస్తవ సన్యాసులు ఒక ధర్మశాల స్థాపించినారు. మంచులో దారి తప్పినవారిని వెదకి తెచ్చి, వేడి అన్నపానాలిచ్చి, మరునాడు సాగనంపుట వారి వ్రతం. తరువాత 1863లో స్విట్జర్లండులో పర్వతారోహకుల సంఘమొకటి ఏర్పడినది. ఆ సంవత్సరమే వారు తోడీ శిఖరం దారిలో ఒక చిన్న గుడిసె కట్టినారు. ఈనాడు ఆ సంఘానికి దాదాపు 150 విడిదిళ్ళున్నవి. కావలివాడు కొండ దిగిపోయిన చలికాలంలో సైతం అనేక విడిదిళ్ళలో ఒక గది తాళం వేయకుండ వదలి, పొయ్యికి కట్టెలు పేర్చి ఉంచుతారు. వచ్చినవాడు మంట వేసుకొని, పడుకొని, పోతూ రుసుము తానై పెట్టెలో వేసి పోతాడు. చూచేవాడు లేనిచోట చెల్లించే రొక్కంమీద ఆ వ్యవస్థ నడుస్తున్నది.

జర్మనీలో ఈ ఆలోచన ఒక బడిపంతులుకు వచ్చినది. రిఖార్డ్ షిర్‌మన్ అనే ఆయన 1909లో పిల్లలను వెంటబెట్టుకొని కాలినడకన పోతుండగా పెద్ద గాలివాన పట్టుకొన్నది. ఆ రాత్రి వారికి ఒక పల్లెబడి ఆశ్రయమిచ్చినది. సెలవులలో ఖాళీగా ఉండే బడులన్నీ ఇట్లే బాటసారి పిల్లలకు విడిదులు కాగూడదా అని ఆయన తలపోసినాడు. యువజన వసతి గృహాల ఉద్యమం అట్లా పుట్టినది. ఆ ఉద్యమానికి మన దేశపు శాఖ 1949లో ఏర్పడినది.

ఈ రెండు కథలలోను ఒక పోలిక ఉన్నది. ఆశ్రయం కోరినవారే ఆశ్రయం కట్టుకొన్నారు, లేదా సేవావ్రతులు కట్టించినారు. ఆల్ప్స్ పైభాగంలో ఊళ్ళు లేవు. మంచుగడ్డల నడుమ మనుష్యసంచారం లేదు. కాబట్టి అక్కడ నడకరి తన గుడిసెను తానే మోసుకొనిపోయి నిలుపుకోవలసి వచ్చినది.

మన తూర్పుకనుమల స్థితి వేరు. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. దాని చుట్టూ గాలికొండ, సుంకరిమెట్ట మొదలైన ఎత్తులున్నవి. ఈ శ్రేణిలో 1,600 మీటర్లు దాటిన శిఖరాలు సైతం లేకపోలేదు. కాని ఇక్కడ కురిసేది వాన; మంచుగడ్డ లేదు. శిఖరానికి కూతవేటు దూరం వరకు పోడు ఉన్నది, పోడు వెంట గూడెం ఉన్నది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోదులు, పోర్జాలు, గదబలు, కోటియాలు ఆ వాలులలో తరతరాలుగా కాపురమున్నారు. ఊరిపేరు చివర పుట్టు, గుడ అన్న మాట వినబడితే అది మన్యపు పల్లె అని గుర్తు. ఇక్కడ నడకరికి గండం మంచుతుఫాను వలన రాదు. శ్రావణ భాద్రపదాలలో ఒక్క వానకు పొంగే గెడ్డ వలన వస్తుంది. ఉదయం మోకాలిబంటిగా దాటిన నీరు సాయంకాలానికి నిలువెత్తు అవుతుంది. గెడ్డకు అవతలి ఒడ్డున చిక్కినవానికి కనబడే దీపం ఎవరో ఒకరి ఇంటి దీపమే. కనుక మన్యంలో విడిదిల్లు అన్న ప్రత్యేకమైన కట్టడం పుట్టనే లేదు. ప్రతి గూడెమూ విడిదియే అయినప్పుడు దాని అవసరమేమి?

ఆ ఇంటిని ఒకసారి చూడవలె. మట్టిగోడలు, మీద దట్టంగా కప్పిన గడ్డి. చూరు ఎంత క్రిందికి దిగి ఉంటుందనగా లోనికి పోయేవాడు ఎంతటివాడైనా తల వంచవలసినదే. గోడకు ఎర్రమట్టి పూసి, అడుగున వేరొక వన్నెమట్టితో పట్టీ తీరుస్తారు. ముందు వరండా, దానిని పిండి అంటారు, అరుగంటారు. లోపల పొయ్యి, పొయ్యిమీద అటక. అటకమీది గింజలు, విత్తనాలు పొగకు ఆరి పురుగుపట్టకుండ నిలుస్తాయి. ఆ పొగ కొత్తవాని కండ్లకు నీరు తెప్పించును గాని, రాత్రి చలిని ఆపేదీ, దోమను తరిమేదీ అదే. ఊరి నడుమ రాతిపలకలు పరచిన కూడలి ఉంటుంది. గదబల గూడెంలో దానిని సదరు అంటారు. పెద్దలు తగవులు తీర్చేది అక్కడ, పండుగనాడు ఒకరి నడుమున ఒకరు చేయివేసి థింసా ఆడేది ఆ దగ్గరనే. కొత్తవాడు మొదట కూర్చుండవలసిన చోటు కూడ అదే. పెద్ద వచ్చి పలుకరించిన తరువాత, ఎవరి అరుగుమీద పడుకోవలెనో వారు నిర్ణయిస్తారు. అడ్డాకు దొప్పలో పోసే చోడి అంబలితో ఆతిథ్యం మొదలవుతుంది. పెట్టే ఇంటిలో మరునాటికి చోళ్ళు ఉన్నవో లేవో అతిథికి తెలియదు, వారు తెలియనీయరు.

అయితే, ఈ ఆతిథ్యాన్ని బయటివారు ఎట్లు వాడుకొన్నారన్నది వేరు కథ. 1839లో గంజాం, విశాఖపట్టణం జిల్లాల కొండప్రాంతాలకు ప్రత్యేక చట్టం చేసి, కలెక్టరునే ఏజెంటుగా నియమించినారు. మన్యానికి ఏజెన్సీ అన్న పేరు అట్లా వచ్చినది. ఏజెన్సీ వచ్చిన తరువాత దొరల సర్కీట్లు వచ్చినవి. సర్కీటు దిగుటకు బంగళాలు లేచినవి. ప్రయాణీకుల బంగళా, అటవీశాఖ బంగళా, తనిఖీ బంగళా అన్న పేర్లతో కనుమల మలుపులలో, గాలి బాగా వీచే మిట్టలమీద కట్టించినారు. పెంకులో రేకులో కప్పిన పైకప్పు, చుట్టూ వరండా, లోపల వాలుకుర్చీ, నిప్పుగూడు, వెనుక వంటిల్లు, ఒక కావలివాడు. ఆల్ప్స్ గుడిసెకు, ఈ బంగళాకు చూపునకు పోలిక కనబడవచ్చును. వ్యవహారంలో మాత్రం పోలిక లేదు. అక్కడ వచ్చినవాడు తన మూట తాను మోసుకొని వచ్చేవాడు. ఇక్కడ మూట మోసినది వేరొకడు.

దొరవారు ఫలానా దినం దిగుతారన్న కబురు ముఠాదారుకు వచ్చేది. ముఠాదారు బారికిని పంపేవాడు. బారికి ఇంటింటికి తిరిగి మనుష్యులను లేపేవాడు. గుడారం, మంచం, వంటపాత్రలు, కాగితాల పెట్టెలు కావళ్ళకు ఎక్కేవి. దొరవారు నడవలేకపోతే డోలీ ఎక్కేవారు. కోడి, గ్రుడ్లు, పాలు, కట్టెలు బంగళాకు చేరేవి. వీటికి ఇచ్చిన వెల న్యాయమైనదా, అసలు ఇచ్చినారా అని అడిగే గొంతు గూడేనికి లేదు. దుక్కి వేళ అయినా, పంటకోత వేళ అయినా పని విడిచి పోవలసినదే. దీని పేరు వెట్టి. ఇంటికి వచ్చిన అతిథికి ప్రేమతో పెట్టిన అంబలి, బంగళాకు వచ్చిన అధికారికి భయంతో మోసిన కావడి ఒకే గూడెం నుండి వచ్చినవి. చరిత్ర వ్రాసినవారు ఈ రెంటిని ఒక్కొక్కప్పుడు కలిపివేసి, కొండవారి సేవాభావమని మెచ్చుకొన్నారు.

ఆ భయం ఒకనాటికి తెగినది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుండి లంబసింగికి రోడ్డు వేయించుటలో కొండవారిచేత న్యాయమైన కూలి ఇవ్వకుండ పని చేయించినాడు. అడవి చట్టాలు పోడును అడ్డుకొన్న కడుపుమంటకు ఈ రోడ్డుపని ఆజ్యం పోసినది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాము సోదరులు, వారి అనుచరులు చింతపల్లి పోలీసుఠాణాను ముట్టడించినారు. తరువాతి రెండు దినాలలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలవంతు వచ్చినది. 1924 మే 7న రాజును కాల్చి చంపువరకు సాగిన ఆ పోరాటాన్ని దేశభక్తి గాథగా తెలుగువారందరు ఎరుగుదురు. అది ఒక దారిని గూర్చిన, ఒక మోతబరువును గూర్చిన తిరుగుబాటు కూడ అని మాత్రం తరచు గుర్తుకు రాదు. ఈనాడు డిసెంబరు చలిలో గడ్డిమీది మంచుపొడి చూచుటకు వేలమంది లంబసింగికి కార్లలో ఎక్కుతారు. ఆ రోడ్డు మలుపులలో ఎవరి చెమట ఇంకినదో ఏ మైలురాయి చెప్పదు.

అధికారి గాక మన్యం ఎక్కిన చదువరి ఒకరు ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిపంతులుగారు. వాడుకభాషా ఉద్యమనాయకులుగానే మనం వారిని తలచుకొంటాము. కాని అంతకు ముందే వారు సవరల భాషకు శిష్యులైనారు. భాష తెలిసిన సవరను ఇంట ఉంచుకొని నేర్చుకొన్నారు. సవర గూడేలకు పోయి మాటలు సేకరించినారు. వారి పిల్లలకు వారి భాషలోనే బడులు పెట్టించినారు. కొండలలో పట్టిన మలేరియాకు వాడిన క్వినైను వలన వారి వినికిడి పోయినది. అయినను పని విడువలేదు. వారి సవరభాషా వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆతిథ్యం తీసుకొన్నవాడు తిరిగి ఏమి ఇవ్వవలెను అన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు తెలుగుదేశంలో దొరకదు. వినికిడి పోగొట్టుకొని ఒక జాతి మాటను అచ్చులో నిలిపిన ఋణవిమోచనమది.

స్వాతంత్ర్యానంతరం మన్యపు ముఖం మారినది. వెట్టిని రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించినది. ముఠాదారీ పద్ధతిని 1969లో చట్టంచేత రద్దుపరచినారు. అదే దశకంలో బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దించుటకు కొత్తవలస, కిరండూల్‌ల నడుమ రైలుమార్గం వేసినారు. 50కి పైగా సొరంగాలు తొలిచిన ఆ మార్గంలో శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇనుపరాయి కొరకు వేసిన దారిన మనుష్యులు కూడ ఎక్కినారు. ఉదయం విశాఖలో రైలెక్కి, బొర్రాగుహలు చూచి, మధ్యాహ్నానికి అరకు చేరి, వలిసెపూల పసుపుచేలలో నిలువబడి ఛాయాచిత్రం తీయించుకొనుట అందరికీ అందుబాటులోకి వచ్చినది. 2017లో అద్దాల కప్పు గల పెట్టెను సైతం ఆ బండికి తగిలించినారు. బంగళాల స్థానంలో పర్యాటక సంస్థవారి అతిథిగృహాలు వచ్చినవి. అనంతగిరిలో, టైడాలో, అరకులో ఇపుడు ఎవరైనా రుసుము చెల్లించి దిగవచ్చును. ఇది చిన్న మేలు కాదు. దొర దిగిన చోట బడిపంతులు తన పిల్లలతో దిగగలుగుట సామాన్యమైన మార్పా?

ఇంకొక మార్పు దీనికంటె లోతైనది. 1959లో చేసి, 1970లో గట్టిపరచిన భూమి బదలాయింపు నిబంధన ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుని చేతికి పోరాదు. ఆ నిబంధన బలం ఎంతటిదో 1997లో దేశమంతటికి తెలిసినది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ళమీద సమత అనే సంస్థ వేసిన దావాలో, ఆ భూములను ప్రభుత్వమైనా సరే గిరిజనేతరులకు గనుల కొరకు కౌలుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు ఆ జూలై 11న తీర్పు చెప్పినది. నడకరికి ఈ తీర్పుతో ఏమి పని అని తోచవచ్చును. ఉన్నది. రాత్రి తాను పడుకొన్న నేల ఎవరిది అన్న ప్రశ్న అతనిది కూడ. చట్టప్రకారం ఆ నేల ఆ గూడెంవారిదే కావలె. కాని లాభమున్నచోట బినామీ పేర్లు, మాటమీది ఒప్పందాలు దారి వెదకుకొంటూనే ఉంటాయి. పేరు గిరిజనునిది, పెట్టుబడి పట్టణపువానిది, లాభం పోయేది కొండ దిగువకు అన్న ఏర్పాటు కుదిరినచోట, ఆ భూమి సొంతదారు తన నేలమీదనే పరుపులు దులిపే కూలివాడవుతాడు. వెట్టి రూపుమాసినది నిజమే. దాని నీడ ఏయే వేషాలలో తిరిగి వస్తున్నదో కనిపెట్టుట అవసరం.

పాడేరు దగ్గరి వంజంగి కొండను ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చును. కొద్ది సంవత్సరాల క్రిందటివరకు అది చుట్టుపట్ల పల్లెలవారికి తప్ప తెలియని కొండ. ఈనాడు శీతకాలంలో తెల్లవారకముందే వందలమంది లాంతర్లతో దాని వాలు ఎక్కుతారు. పైనుండి చూస్తే లోయలు కనబడవు. పాలసముద్రంవలె మేఘం పరచుకొని ఉంటుంది. అక్కడక్కడ కొండకొమ్ములు ద్వీపాలవలె తేలుతుంటాయి. ఎక్కినవారి ఆనందాన్ని ఎవరూ కాదనరాదు. ఎక్కలేక అరుగుమీద కూర్చున్న ముసలివాడు సైతం ఆ దృశ్యానికి గర్వపడతాడు. కాని సూర్యోదయమై మబ్బు విడిపోయిన తరువాత వాలుమీద మిగిలిన సీసాలు, సంచులు ఊట చెలమలోనికి దొర్లుతాయి. ఆ చెలమ నీరే క్రింది పల్లె తాగేది. గుడారం వేసినవాడు మరునాడు తన ఊళ్ళో ఉంటాడు. కొండ అక్కడనే ఉంటుంది. కొండవారు అక్కడనే ఉంటారు.

కనుక మన్యంలో రాత్రి గడుపగోరేవానికి పెద్దల కాలంనుండి చెల్లుతున్న మర్యాదలు కొన్ని మరల గుర్తుచేయవలసి ఉన్నది. చీకటి పడకముందే ఊరు చేరవలె. అడుగకుండ గుడారం వేయరాదు. ఊరి మొదట చెట్టుక్రింద నిలిపిన రాళ్ళు దేవతలు. వాటిమీద కూర్చుండరాదు, చెప్పులు విడువరాదు. తన బియ్యం, పప్పు తాను తెచ్చుకొని, వండిపెట్టిన ఇంటిలో మిగిలినది వదలవలె. పడక్కు, తిండికి, దారి చూపిన మనిషికి వెల ముందే మాట్లాడుకొని, ఆ మనిషి చేతికే ఇవ్వవలె. వారి ఆడవారిని, పిల్లలను అడుగకుండ చిత్రాలు తీయరాదు. జీలుగుకల్లు త్రాగి కేకలు పెట్టుట విహారం అనిపించుకోదు. తెచ్చిన చెత్త తనతోనే దిగవలె. వీటన్నిటికి మించినది, వారి మాట నాలుగైనా నేర్చుకొనుట. ఆదివాసి ఒడియాలోనో, కువిలోనో ఒక్క పలుకరింపు నోటినుండి వచ్చేసరికి అరుగుమీది ముసలమ్మ ముఖంలో వెలుగు చూచినవానికి, ఆ దినం శిఖరం ఎక్కకపోయినా కొరత తోచదు.

మన్యం నడకను గూర్చి ఎంత చెప్పినా, డోలీ మాట చెప్పకపోతే అది అసంపూర్ణం. ఒకప్పుడు దొరలను బంగళాలకు ఎక్కించిన డోలీ ఈనాటికీ కొండలు దిగుతున్నది. ఇపుడు అందులో ఉండేది నొప్పులు పడుతున్న గర్భిణి, పాము కరచిన రైతు, జ్వరంతో సోలిపోయిన పిల్లవాడు. దుంగకు దుప్పటి కట్టి, ఇద్దరు భుజాన వేసుకొని, ఇంకొక ఇద్దరు వెంట నడుస్తూ, వాహనం వచ్చే రోడ్డువరకు మోసుకొనిపోతారు. దారిలో గెడ్డ పొంగితే ఆగవలసినదే. విహారికి అందమైన వంపులదారి వారికి ప్రాణాల గడియారం. ఇట్టి ప్రయాణాల వార్తలు వానకాలంలో పత్రికలలో రాని సంవత్సరం లేదు.

ఈ దుఃఖానికి విరుగుడుగా 2018లో సాలూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఒక వసతిగృహం తెరచినది. అది విహారులకు కాదు. దారిలేని గిరిశిఖర గ్రామాల గర్భిణులకు. నెలలు నిండవస్తుండగానే వారిని కొండ దింపి తీసుకొనివచ్చి అక్కడ ఉంచుతారు. వేళకు తిండి, నర్సు చూపు, తోటి స్త్రీల ముచ్చట్లు. నొప్పులు మొదలుకాగానే ఆసుపత్రికి చేరుస్తారు. పురుడు పోసుకొన్న తరువాత బిడ్డతో ఊరికి పంపుతారు. మొదట ఇల్లు విడిచి వచ్చుటకు జంకినవారు తరువాత తమ చెల్లెళ్ళను, వదినలను తోడుతెచ్చుట సహజమే గదా. రాత్రివేళ పొంగిన గెడ్డ ఒడ్డున డోలీలో పురుడు పోసుకోవలసిన భయం ఆ నాలుగు గోడల నడుమ లేదు.

ప్రపంచంలో కొండవిడుదులు ఎన్నో ఉన్నవి. కొన్ని భక్తిచేత లేచినవి, కొన్ని విహారవాంఛచేత, కొన్ని అధికారంచేత. సాలూరు గృహంలో పరుండిన కోదుపిల్ల ఏ శిఖరం చూచుటకూ రాలేదు. ఆమె పుట్టినదే శిఖరంమీద. ఆమెకు కావలసినది దిగుటకు దారి, దిగినచోట ఒక పడక, తిరిగి ఎక్కునప్పుడు చంకలో బిడ్డ. నాడు ప్రవరుడు కొండమీద అడిగినది ఇంటికి దారి. మన్యపు గూడేలు నేటికీ అడుగుచున్నది అదే. తమ అరుగుమీద ఒక రాత్రి పడుకొని, తమ చోడి అంబలి త్రాగి దిగివచ్చిన ప్రతి అతిథి ఆ ప్రశ్నను తనతో క్రిందికి మోసుకొని రావలె. అది ఒక్కటే మన్యంవారి భుజాన వేయగూడని మూట.